టార్పన్ స్ప్రింగ్స్ నీలం పడవ

చక్రపాణి ఆ వీడియో రెండోసారి ప్లే చేశాడు. తేజేశ్వర్ చూడలేక తల తిప్పుకున్నాడు.

తెర మీద నిధి. న్యూజెర్సీలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, ప్లెయిన్స్‌బరోలో ఒక మందుల ల్యాబ్‌లో రీసెర్చర్. అక్కడ వాక్సిన్ ఫార్ములాలు దొంగిలిస్తున్న విదేశీ ముఠా ఆచూకీ తీయమని ఆమెను ఒప్పించింది తేజేశ్వరే. ఏం కాదు, నేనున్నానని మాటిచ్చిందీ అతనే. ఇప్పుడా పిల్ల ఏదో చీకటి గదిలో గోడకు ఆనుకుని ఊపిరి అందక కొట్టుకుంటోంది. ఆస్తమా. ఆమె ఇన్‌హేలర్ తేజేశ్వర్ పనిచేసే ఏజెన్సీ వాళ్ళకి కార్లో దొరికింది.

ఏజెన్సీకి బాస్ చక్రపాణి. పార్సిప్పనీలో ఐటీ కన్సల్టెన్సీ బోర్డు తగిలించుకుని, అమెరికా ప్రభుత్వం పైకి ఒప్పుకోని పనులు చేసిపెడుతుంటాడు. బ్రీఫింగ్ ఎప్పుడూ పొడిపొడిగానే ఇస్తాడు.

"ఫ్లోరిడా. టార్పన్ స్ప్రింగ్స్. సముద్రంలో స్పాంజ్‌లు తీసి బతికిన గ్రీకువాళ్ళ చిన్న టౌన్. రేపు సాయంత్రం పిల్లని పడవలో దేశం దాటిస్తారు. పిల్లని కొనేవాడి మనిషి, రఫేల్ అని, మయామీలో మనకి దొరికిపోయాడు. వాడి ప్లేస్‌లో నువ్వెళ్ళు. హెలెన్ అనే టూర్ గైడ్ నిన్ను నిధి దగ్గరికి తీసుకెళ్తుంది."

"బ్యాకప్?"

"నువ్వు సిగ్నల్ ఇచ్చాకే. ముందే పోలీసుల్ని దింపితే పిల్లని నీళ్ళలో పడేస్తారు."

మర్నాడు మధ్యాహ్నానికి తేజేశ్వర్, అతికించిన మీసంతో, నల్ల కళ్ళజోడుతో రఫేల్ అయిపోయి పడవల రేవులో నిలబడ్డాడు. ఇత్తడి హెల్మెట్ చేతపట్టిన డైవర్ విగ్రహం పక్కన హెలెన్ కనిపించింది. తేనెరంగు జుట్టు, తెల్ల గౌను, ఎర్ర హైహీల్స్. రేవులో ఐస్‌క్రీమ్ తింటున్న మగాళ్ళంతా తినడం మానేసి చూస్తున్నారు. తాతల కాలం నుంచీ తమది ఈ ఊరేనని ఆమె టూరిస్టులకి ఇంగ్లీషులో చెబుతోంది.

ఒక స్పాంజ్ ఎన్ని నీళ్ళు తాగుతుందని తేజేశ్వర్ ఆమెను అడిగాడు. దాహం ఉన్నన్ని, అందామె. కోడ్ కలిసింది.

కలిసి ఏం లాభం? టూర్ పూర్తయ్యేదాకా కదిలేది లేదంది. మధ్యలో మాయమైతే అనుమానం వస్తుందట. స్పాంజ్‌లు వేలం వేసిన పాత కొట్లు చూపించింది. పాత రైల్వే స్టేషన్ చూపించింది. జనవరిలో పండగనాడు బిషప్ శిలువ విసిరితే కుర్రాళ్ళు దూకి వెతికే మడుగు చూపించింది. అక్కడ ఆ పిల్ల ప్రాణం పోతుంటే ఇక్కడ తను బక్లావా మిఠాయి చేత్తో పట్టుకుని చరిత్ర వింటున్నాడు. ఖర్మ కాకపోతే ఏమిటి! తేజేశ్వర్‌కి ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. కళ్ళజోడుంది కాబట్టి సరిపోయింది.

చివరికి సెయింట్ నికొలస్ కెథెడ్రల్. టూరిస్టులంతా బూట్లు టకటకలాడిస్తూ లోపలికి వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర తేజేశ్వర్ వంగి బూట్లు విప్పేశాడు. దేవుడి దగ్గరికి కాళ్ళకి చెప్పులతో ఎలా వెళ్తాం? విప్పాక వెలిగింది, రఫేల్ విప్పడు. రఫేల్ వెళ్ళే చర్చిల్లో ఎవరూ విప్పరు. మెల్లగా తలెత్తి చూశాడు.

హెలెన్ కూడా ఉత్తకాళ్ళతో నిలబడి ఉంది. ఎర్ర హైహీల్స్ గోడవారగా ఒద్దికగా పెట్టి ఉన్నాయి. ఇద్దరూ ఒకరి పాదాలు ఒకరు చూసుకున్నారు.

"మీదే ఊరు?" అందామె తెలుగులో.

ప్రాణం మీదికొచ్చినా ఈ ప్రశ్నకి జవాబివ్వని తెలుగువాడు పుట్టలేదు. "జనగామ. మీది?"

"తెనాలి. అసలు పేరు మీనా." అంటూనే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్తోలు తీసింది.

"కాల్చండి మేడమ్, కాదనను. ముందు ఆ పిల్లకి ఇన్‌హేలర్ ఇయ్యనియ్యండి. నా మాట నమ్మి వచ్చింది. దండం పెడతా." నిజంగానే రెండు చేతులూ జోడించాడు.

మీనా పిస్తోలు దించకుండానే చెప్పుకొచ్చింది. చక్రపాణికి ఈ ఊరి పేరు అమ్మింది తనేనట. ముఠాకి నిధి పేరు అమ్మిందీ తనేనట. రెండు వైపులా బాగానే చూసుకుంటున్నారట. తేజేశ్వర్‌కి ఒళ్ళు మండిపోయింది, అయినా చేతులు దించలేదు. ఆమె ఆ చేతులవైపు చూసి, ఫోన్ తీసి ఏదో మెసేజ్ కొట్టింది.

"పడవ తియ్యమని వాళ్ళకి చెప్పాను. పిల్ల రేవు చివర నీలం పడవలో, ఐస్ గదిలో ఉందని నీకు చెబుతున్నాను. ఇద్దరికీ న్యాయం చేశాను. ఇక నీ ఓపిక."

అతను వాచీ నొక్కి సిగ్నల్ పంపి పరుగు లంకించుకున్నాడు. ఫ్లోరిడా ఎండలో రోడ్డు పెనంలా కాలుతోంది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. కార్లు హారన్లు కొట్టాయి. ఎవరో తిట్టారు. దేవుడా, ఆ పిల్లని ఉంచు, నన్ను ఏమైనా చేసుకో అనుకుంటూ రేవు చేరేసరికి నీలం పడవ అప్పుడే కదులుతోంది.

ఇంజన్‌ని ఆపే జామర్ కోసం చెయ్యి మడమ దగ్గరికి పోయింది. జామర్ బూటు మడమలో ఉంది. బూటు చర్చి గుమ్మంలో ఉంది.

"నా తెలివి తగలెయ్య," అనుకున్నాడు. రేవులో పడి ఉన్న లావుపాటి తాడు లాక్కుని నీళ్ళలోకి దూకాడు. పడవ వెనక నురగలో కళ్ళు కనపడలేదు. చేతికందిన తాడంతా ప్రొపెల్లర్ కిందికి తోశాడు. తాడు సర్రున చుట్టుకుంటూ అరచేతుల తోలు ఊడదీసింది. ఇంజన్ మూలిగి ఆగిపోయింది. పడవ అంచున ముఠావాడు తుపాకీ ఎత్తేసరికి పోలీసు బోట్లు పడవని చుట్టుముట్టాయి.

పడవెక్కి ఐస్ గది తలుపు తీస్తే నిధి పెదాలు నీలంగా ఉన్నాయి. తేజేశ్వర్ జేబులోంచి ఇన్‌హేలర్ తీసి ఆమె నోటికి పెట్టి నొక్కాడు. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాడు. "పీల్చు తల్లీ, ఒక్కసారి పీల్చు." ఎంతసేపటికో ఆమె గుండెలు ఎగసి, పెద్దగా దగ్గింది. అతను అక్కడే ఐస్ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మీనా ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు.

చీకటి పడకముందే ఒక పోలీసు ఫోన్‌లో చక్రపాణి లైన్లోకి వచ్చాడు. నిధితో మాట్లాడతానన్నాడు. దుప్పటి కప్పుకుని కూర్చున్న నిధి స్పీకర్ పెట్టి ఓపిగ్గా వింది. ఆమె ధైర్యం అమోఘమట. పార్సిప్పనీలో ఇంకొక్క చిన్న సాయం చేసిపెట్టాలట. ఏ ప్రమాదమూ లేదట.

"అంకుల్, మీకు కిడ్స్ ఉన్నారా?"

ఇద్దరున్నారన్నాడు చక్రపాణి.

"గుడ్. ఈసారి వాళ్ళని పంపించండి."

ఫోన్ కట్ చేసి పోలీసు చేతిలో పెట్టేసింది. ఇన్నేళ్ళ సర్వీసులో తేజేశ్వర్ బాస్‌తో అనాలనుకుని అనలేకపోయిన మాట, ఇంకా సరిగ్గా ఊపిరైనా అందని పిల్ల అనేసింది.