తండ్రి వృత్తి

పొద్దున ఏడింటికి బల్కంపేట సందులో నల్లా వస్తుంది. దిలావర్ రెండు బిందెలు పట్టి లోపల పెట్టి, మూడోది నిండుతుంటే కావాలనే అక్కడే నిలబడ్డాడు. ఇంట్లోకి పోతే కూతురు మళ్లీ బ్యాంకు మాట ఎత్తుతుంది.

"అబ్బూ, బిందె నిండి కారిపోతుంది. జల్ది రా. పదింటికల్లా పంజాగుట్ట బ్యాంకుల ఉండాలె."

"నేనెందుకు బేటా? నాకు బేరం టైమది. నువ్వే పోయి అడుగు."

"లోను మీద నీ సంతకం సుత ఉంది. నువ్వు రాకపోతే వాళ్లు ఫైలే తియ్యరు."

భార్య రేష్మా పెనం మీద రొట్టె తిప్పుతూ అందుకుంది. "ఊరందరి ఫారాలు నింపుతడు. సొంత బిడ్డ బ్యాంకుకు రమ్మంటే మాత్రం కాళ్లు నొస్తయి."

దిలావర్ ఏడో తరగతిలో బడి మానేశాడు. చదువు అబ్బలేదు గానీ చేతిరాత అబ్బింది. మైత్రీవనం వెనక సందులో ఒక కాంప్లెక్సు మెట్ల కింద బల్ల వేసుకుని ఇరవై ఏళ్లుగా ఫారాలు నింపుతున్నాడు. స్కాలర్‌షిప్పు, ఫీజు వాపసు, హాస్టలు సీటు, ఏదైనా సరే. ఏ ఫారానికి ఏ కాగితం జతచేయాలో ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ల కన్నా అతనికే బాగా తెలుసు. పిల్లవాడెవడైనా వచ్చి నిలబడితే మొదట అడిగేది ఒకటే: "ఇన్‌కం సర్టిఫికెట్ తెచ్చినవా? అది లేకుంటే ఫారం కాదు, చిత్తుకాగితం."

అలాంటి మనిషి కూతురు అఫ్షీన్. డిగ్రీ, బీఎడ్ కలిపి నాలుగేళ్ల చదువు లోను మీదే చదివింది. పంజాగుట్టలో ఒక ప్రైవేటు బడిలో మూడేళ్లుగా నాలుగో తరగతికి చెబుతోంది. జీతం పద్నాలుగు వేలు. అందులో సగం బ్యాంకు కిస్తీకే పోతుంది. రెండు కిస్తీలు తప్పాయి. దిలావర్ బల్ల ఉన్న కాంప్లెక్సులోనే, రెండో అంతస్తులో ఉన్న కోచింగ్ సెంటరువాళ్లు ఇరవై ఆరు వేలిస్తామంటున్నారు. పని, రోజంతా ఫోన్లు చేసి పిల్లల్ని కోర్సుల్లో చేర్పించడం. వస్తావో రావో శనివారం లోపు చెప్పమన్నారు. ఇవాళ శుక్రవారం.

"మా బడిల సెరీనా టీచర్ ఫోన్ల చూపించింది అబ్బూ. టీచర్లకు లోను మాఫీ ఉందట. సగమైనా పోతే బడి ఇడిసిపెట్టే పని లేదు నాకు. నా పిల్లలు నాకుంటరు."

ఆ మాటకు దిలావర్ చొక్కా మార్చుకున్నాడు.

బ్యాంకులో హనుమత్ప్రసాద్ అనే ఆఫీసరు, కోస్తా మనిషి, మర్యాదగానే కూర్చోబెట్టాడు. అఫ్షీన్ ఫోను చూపిస్తే కళ్లజోడు పైకి జరిపి చదివి, నవ్వలేక నవ్వాడు.

"ఇది మన దేశంలో కాదమ్మా. ఇక్కడ టీచర్లకని విడిగా లోను మాఫీ ఏమీ లేదు."

"ఏదన్నా సాయం సార్? కొంచెం తగ్గినా చాలు."

"ఉండేదండీ. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి, చదువుకున్నన్నాళ్ల వడ్డీ ప్రభుత్వమే కడుతుంది. మీకెందుకు రాలేదో చూద్దాం." ఫైలు తెప్పించి, కాగితాలు తిరగేసి ఒకచోట ఆగాడు. "అదండీ సంగతి. తండ్రి వృత్తి వ్యాపారం. ఏడాదికి ఆదాయం ఆరు లక్షలు. ఇంత ఆదాయం చూపిస్తే ఆ పథకం వర్తించదమ్మా. అసలు మీ లోనుకి ఇంత చూపించక్కర్లేదు కూడా. ఎవరు నింపారండీ ఈ ఫారం?"

అఫ్షీన్ కాగితం మీదికి వంగింది. ఆ గుండ్రటి రాత ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

"ఇప్పుడు మార్చొచ్చా సార్?" అంది.

"గడువెప్పుడో దాటిపోయిందమ్మా. కావాలంటే కిస్తీ తగ్గించి ఏళ్లు పెంచమని రాసివ్వండి. వడ్డీ ఇంకా ఎక్కువవుతుంది, నేను దాచను."

దిలావర్ తల ఎత్తలేదు. ఎనిమిదేళ్ల కింద ఇదే హాల్లో, అప్పటి మేనేజరు ముందు కూర్చున్నాడు. తహసీల్దారు ఆఫీసు చుట్టూ వారం తిరిగి తెచ్చిన ఇన్‌కం సర్టిఫికెట్ చొక్కా జేబులోనే ఉంది. ఏడాదికి లక్షా పదివేలు. ఫారం సగం నింపాడు కూడా. అంతలో మేనేజరు పక్కన కూర్చున్న అఫ్షీన్‌ని పలకరించాడు, మీ నాన్న ఏం చేస్తారమ్మా అని. ఇంటర్‌లో కాలేజీ ఫస్టు వచ్చిన పిల్ల. తండ్రి చెప్పుల వైపు ఒకసారి చూసింది. తర్వాత మేనేజరు వైపు తిరిగి, "బిజినెస్ సార్. మైత్రీవనంల షాపు" అంది.

బిడ్డ చెప్పిన మాట పక్కన లక్షా పదివేలు ఎలా రాయాలి? మైత్రీవనంలో షాపున్నవాడి ఆదాయం ఎంతుంటుందో ఊహించి ఆరు లక్షలు రాశాడు. జేబులో కాగితం జేబులోనే ఉంచేశాడు.

ఇంటికొచ్చి తలుపు వేయగానే అఫ్షీన్ విరుచుకుపడింది.

"ఊర్ల ఉన్న పిల్లలందరికీ చెప్తవ్, ఇన్‌కం తక్కువ రాయకు, ఎక్కువ రాయకు, ఉన్నది రాయి అని. నా ఫారం దగ్గరికి రాంగనే ఏమైంది అబ్బూ నీకు?"

"తప్పైంది బేటా."

"ఎవరి ముంగట గొప్ప? ఆ మేనేజర్ నీకు సలామ్ కొట్టాల్నా? నీ గొప్పకు నేను కిస్తీలు కడుతున్న! మూడేండ్ల సంది ఒక్క కొత్త చున్నీ కొన్ననా?"

"అగో, కొంచెం మెల్లగ మాట్లాడు. పక్కింటోళ్లు ఇంటరు," అంది రేష్మా.

"ఇననీ అమ్మీ! మా అబ్బూ ఆరు లక్షల సేటు అని అందరూ ఇనని!"

దిలావర్ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఒక్క మాట చెబితే తన మీద నింద పోతుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. ఇక బడి కూడా ఉండదు. దాని నెత్తిన ఇది కూడా పెట్టాలా? మింగేశాడు.

రేష్మా ఊరుకోలేదు. "ఏదో కాగితం తెచ్చిండు గదా అప్పుడు? వారం దినాలు తిరిగిండు. నాకు యాదికున్నది." ఇనప పెట్టెలో పాత రేషన్ కార్డు కింది నుంచి నాలుగు మడతల కాగితం లాగింది. "ఇగో. ఇదేంది మరి?"

"అది ఆడ పెట్టు," అన్నాడు దిలావర్ గాభరాగా.

అఫ్షీన్ లాక్కుని విప్పింది. లక్షా పదివేలు. కింద తహసీల్దారు ముద్ర, తారీఖు. బ్యాంకు ఫారానికి రెండు రోజుల ముందుది. చేతిలో ఇంత మంచి కాగితం పెట్టుకుని ఎందుకివ్వలేదని అడగబోయి, సగంలో ఆగిపోయింది. నోరు అలాగే తెరిచి ఉంది. ఆమె చూపు మెల్లగా తండ్రి మొహం మీంచి గుమ్మం దగ్గర విడిచిన అతని చెప్పుల మీదికి పోయింది. కాగితం పాత మడతల్లోనే మడిచి తల్లి చేతికిచ్చి, లోపలికి పోయి గొళ్లెం పెట్టుకుంది.

"ఏమైందే దానికి?" అంది రేష్మా.

"ఏం కాలే," అన్నాడు దిలావర్.

శనివారం పదిన్నరకి బల్ల ముందు ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్లని దాటుకుని అఫ్షీన్ వచ్చి స్టూలు మీద కూర్చుంది. పై కోచింగ్ సెంటరు ఫారం బల్ల మీద పెట్టింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నింపు అబ్బూ."

"టీచరమ్మవు. నీకు రాదా?"

"నీ రాత బాగుంటది."

ఆమె పేరు రాశాడు. తండ్రి పేరు రాశాడు. "బడిల చెప్పినవా?"

"చెప్పిన. సోమవారం సంది వేరే టీచరట. పిల్లలకు మాత్రం చెప్పలే. చెప్తే ఏడుస్తరు."

తర్వాతి గడి, తండ్రి వృత్తి. అతని పెన్ను అక్కడ ఆగింది. వెనక పిల్లవాడు గొణిగాడు, "జర జల్ది అన్నా, లాస్ట్ డేట్ ఉంది."

అఫ్షీన్ ఆ పిల్లలకు కూడా వినపడేట్టు అంది: "గీ మెట్ల కింద ఫారాలు నింపుతడు. అదే రాయి అబ్బూ. ఇగ వేరే ఏం రాయకు."

దిలావర్ రాశాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. రాయడం అయ్యేదాకా ఆమె అతని ఎడమ చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది. క్షమించమని అడగాల్సింది ఎవరో తేలే మాట కాదు. తేలినా బ్యాంకు వడ్డీ ఒక్క రూపాయి తగ్గదు.

ఫారం తీసుకుని ఆమె లేచింది. అతని నెత్తి మీది మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతున్న చప్పుడు అతనికి వినిపిస్తూనే ఉంది. సోమవారం నుంచి రోజూ వినాలి. మొదటి అంతస్తు దాటి, రెండోది చేరి, చప్పుడు ఆగిపోయింది.

దిలావర్ చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని ముందు నిలబడ్డ పిల్లవాడి ఫారం దగ్గరికి లాక్కున్నాడు.

"ఇన్‌కం సర్టిఫికెట్ తెచ్చినవా, బేటా?"