ఉదయం బ్యాచ్ సుద్దగీత

సూర్యప్రకాష్ నిలబడాల్సిన చోటు మళ్ళీ వెనక్కి జరిగింది. నిన్న సాయంత్రం హీరోయిన్ కుర్చీకి దగ్గరగా తాను గీసిన సుద్దగీతను ఎవరో శుభ్రంగా తుడిచేసి, స్టేజీ చివర ఇంకొకటి గీశారు. అక్కడ నిలబడి ప్రేమ సంగతి చెప్పాలంటే కేకలు వెయ్యాల్సిందే.

వచ్చే నెల భిలాయిలో వరసగా మూడు నాటకాలున్నాయి. ఒకటి హిందీ, ఒకటి బెంగాలీ, చివరిది ఖుర్సీపార్ పేటలోని తెలుగువాళ్ళది. ఉక్కు కర్మాగారంలో ఎవరికి ఎప్పుడు ఏ షిఫ్టు పడుతుందో తెలియదు కాబట్టి మనవాళ్ళ నాటకంలో ప్రతి వేషానికీ ఇద్దరుంటారు. ఒకరు ఉదయం రిహార్సల్ చేస్తారు, ఇంకొకరు సాయంత్రం. ప్రదర్శన రోజు డ్యూటీ లేనివాళ్ళు రంగు పూసుకుంటారు. రిటైరైన ఫోర్‌మన్ బలరాం గారు దర్శకుడయ్యాక పెట్టిన పద్ధతి ఇది.

సూర్యప్రకాష్‌ది సాయంత్రం బ్యాచ్. అతని హీరోయిన్ బేబీ అక్క ఇద్దరు పిల్లల తల్లి. ఇంటికెళ్ళి వంట చెయ్యాలి కాబట్టి వెల్లుల్లి ఒలుచుకుంటూనే, మీరు లేక బతకలేనంటుంది. గీత చెరిపేది ఉదయం హీరోయిన్ అని విన్నాడు. ఆమె పేరు ఇంద్రాణి అనీ, నర్సు అనీ మాత్రమే అతనికి తెలుసు. మొహమైనా చూడని మనిషి తనని అంత దూరం ఎందుకు నెడుతోందో అర్థం కాక బుర్ర వేడెక్కింది.

వీక్లీ ఆఫ్ రాగానే పొద్దున్నే వానలో తడుస్తూ హాలుకు వెళ్ళాడు. ఒకమ్మాయి తడిగుడ్డతో స్టేజీ తుడుస్తోంది.

"ఏటండీ, నా గీత మీద మీకేటి పగ?"

ఆమె తలెత్తి చూసింది. "రోజూ దగ్గరికి లాగేది మీరా? అంత తొందరేటి?"

"తొందర కాదు. అంత దూరం నుంచి చెప్తే, ఎవరికి చెప్తన్నానో జనానికి ఏటి తెలుస్తాది?"

"పొద్దుటి హీరో సురేశ్ భయ్యా నోట్లో ఖైనీ పొగాకు పెట్టుకుని డైలాగ్ చెప్తాడండి. దగ్గరుంటే నా మొహం తడిసిపోతాది. పెద్దోడు, ఎలగ చెప్పను?"

సూర్యప్రకాష్‌కి నవ్వు ఆగలేదు. తనకు ఖైనీ అలవాటు లేదన్నాడు. సర్టిఫికెట్ ఉందా అని ఆమె అడిగింది. ఆ రోజు వానకి సురేశ్ రాకపోవడంతో బలరాం గారు ఆ సీను వీళ్ళిద్దర్నీ చెయ్యమన్నారు. "ఛాయా, నీ కోసమే ఇన్నాళ్ళూ" అని నిద్రలో లేపినా చెప్పే డైలాగు, ఆమె కళ్ళలోకి చూడగానే సగంలో ఎగిరిపోయింది. ఆమె మెల్లగా అందించబోయి, తానూ తడబడింది.

ఇక అతనికి ఒకటే కోరిక, ఆ వేషం ఆమెతోనే వెయ్యాలి. తీరా చూస్తే ప్రదర్శన రోజు తనకు మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా బి-షిఫ్టు. ఎన్నడూ ఎవర్నీ ఏమీ అడగనివాడు తనతో పనిచేసే సాహు భయ్యాని బతిమాలి, హోలీనాడు ఆయన బదులు పని చేస్తానని ఒప్పుకుని షిఫ్టు మార్చుకున్నాడు. సురేశ్‌ని తప్పించడం తేలికే అయింది, ఆయనకి హీరో వేషం కన్నా ఖైనీ ముఖ్యం. ఇంద్రాణి వస్తుందో లేదో మాత్రం తేలలేదు. ఆమెను అడిగే ధైర్యం లేక బలరాం గారిని అడిగాడు. స్టేజీ ఎక్కితే తెలుస్తుందని ఆయన మీసాల్లో నవ్వుకున్నారు.

ఆ రోజు హాలు నిండిపోయింది. తెర లేవకముందే సూర్యప్రకాష్ స్టేజీ మీదకి వెళ్ళి నేల చూశాడు. గీత కుర్చీ పక్కనే ఉంది, అతను ఎన్నడూ గీయడానికి సాహసించనంత దగ్గరగా. వెల్లుల్లి వాసన ఎక్కడా లేదు.

"మరీ దగ్గరైపోయిందా?" వెనక నుంచి ఇంద్రాణి గొంతు. "నేనూ డ్యూటీ మార్చుకున్నానండి."

"ఎందుకు?" అన్నాడు, తెలిసే.

"స్టేజీ మీద చెప్పండి ముందు. నా జవాబు తరవాత."

తెర లేచింది. ఆ సీను వచ్చింది. అతను గీత మీద నిలబడి డైలాగంతా పొల్లుపోకుండా చెప్పాడు, పేరు దగ్గర మాత్రం ఛాయా అనకుండా ఇంద్రాణీ అన్నాడు.

ముందు వరసలో బలరాం గారు తల పట్టుకున్నారు. ఎవరికి చెప్తున్నాడో జనానికి బాగానే తెలిసింది. నాటకం ప్రకారం హీరోయిన్ తల దించుకుని లోపలికి వెళ్ళిపోవాలి.

ఇంద్రాణి వెళ్ళలేదు.