పరిగె ఏరుకున్న దొర

"కొర్రలు మొలకెత్తినాయా?"

"మొలకెత్తినాయి గానీ పిచ్చుకలు పడినాయి."

సంకేతం సరిపోయింది. డేరా తెర పక్కకు జరిగింది. ఏజెంట్ ఓబుళరెడ్డి లోపలికి అడుగుపెట్టాడు.

1955 నవంబరు. కర్నూలు రాజధానిగా వెలుగుతున్న రోజులు. వెలుగు సంగతేమో గానీ సగం ఆఫీసులు డేరాల్లోనే నడుస్తున్నాయి. ఏ డేరాలో ఏ శాఖ ఉందో అడిగితే పెద్ద ఆఫీసర్లే నీళ్లు నమిలేవారు. సీక్రెట్ సర్వీసుకు అంతకన్నా మంచి చోటు ఇంకేం కావాలి? 'విత్తనాల తనిఖీ' అన్న బోర్డు కింద చీఫ్ అయ్యన్న కూర్చుని ఉన్నాడు.

"కూర్చో రెడ్డీ. తుంగభద్ర ఒడ్డున పాత బంగళాలో మనకొక లెక్కల యంత్రం ఉండాది. సరిహద్దు వైర్‌లెస్ స్టేషన్లకు నెలనెలా కొత్త కోడ్ దాంట్లోనే తయారయ్యేది. పోయిన నెల కోడ్ శత్రువు చేతికి చిక్కింది. మన పెట్రోల్ పార్టీని దోవలో మాటేసి కాల్చినారు. ఒక్కడు గూడా తిరిగి రాలా."

"లీకు యాడ సార్?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తానప్పా?" అయ్యన్న ఒక ఫోటో ముందుకు తోశాడు. "మిస్టర్ క్రెల్. నూనె మరలమ్మే కంపెనీ మనిషినంటాడు. ఖాళీ వేళల్లో యంత్రాన్ని కంపెనీలకు బాడుగకిస్తాం గదా, ఈయనా తీసుకుంటాడు. కానీ ఒకటే పట్టు. కోడ్ పని ముగిసిన వెంటనే వచ్చే వంతు తనకే కావాలంట. ఎందుకో అంతు చిక్కలా. దానికోసం రిసెప్షనిస్టుకు లంచం పెడతాండాడు. ఆమె మన డబుల్ ఏజెంటు. ఆడ ఆమె పేరు మిస్ రీటా."

రెండో ఫోటో బల్ల మీద పడింది. కత్తిరించిన జుట్టు, నల్ల కళ్లద్దాలు, చేతుల్లేని రవిక. ఓబుళరెడ్డి మెచ్చుకోలుగా చూశాడు. మరింత దగ్గరగా చూశాడు. తర్వాత అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ కళ్లద్దాల కింద ఉన్న ముక్కు తన సొంత మేనమామ కూతురిది, తను తాళి కట్టిన రామేశ్వరమ్మది.

"కడపలో ట్రైనింగని చెప్పిపోయింది సార్!"

"సర్వీసులో మొగుడికైనా చెప్పకూడదు. నేనే చెప్పొద్దన్నా. నువ్వు ఆ బంగళాలో క్యాంటీన్ మాస్టరువి. పేరు చిన్న ఈరన్న, ఊరు పత్తికొండ పక్క. ఇదిగో నీ కెటిల్. సగంలో టీ, సగంలో వైర్‌లెస్ సెట్టు. గుర్తుపెట్టుకో, తప్పు చేస్తాండగానే క్రెల్‌ను పట్టాల. నీ కాపురం గొడవ మధ్యలోకి తెచ్చినావంటే తోలు వలుస్తా."

ఇక ఆ బంగళాలో ఓబుళరెడ్డి పడిన బాధ పగవాడికి కూడా వద్దు. శత్రువుల తుపాకుల ముందు నిలబడ్డ మనిషే, రోజూ టీ ట్రే పట్టుకుని వరండాలో నిలబడలేకపోయాడు. క్రెల్ మద్రాసులో పాత వ్యాకరణ పుస్తకాలు ముందేసుకుని తెలుగు నేర్చినవాడు. కుర్చీ దగ్గరకు జరుపుకుని, "మిస్ రీటా, తమ నగవు వెన్నెలను మించుచున్నది" అనేవాడు. రామేశ్వరమ్మ కిలకిలా నవ్వేది. పెళ్లయిన ఇన్నేళ్లలో తను పెళ్లాన్ని పొగిడింది ఒక్కసారే. కూర బాగుందన్నాడు. తీరా చూస్తే అది పక్కింటివాళ్లు ఇచ్చిన కూర. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా క్రెల్ మీద మరింత ఒళ్లు మండేది.

ఒకనాడు ఆమె గ్లాసు పట్టుకుని క్యాంటీన్ కిటికీ దగ్గరకు వచ్చింది. "ఏమప్పా ఈరన్నా, టీ ఇంత చల్లగుండాదే?"

"సగం కెటిల్‌లో వైర్లుంటే ఇంకెట్లుంటుంది?" గొంతు తగ్గించి పళ్లు నూరాడు. "శానా నవ్వుతాండావు."

"నా డ్యూటీ బావా. నన్ను చేసుకోనీ."

"డ్యూటీ మాదిరి కనపడలా. ఇష్టంగా నవ్వుతాండావు."

"నువ్వెప్పుడన్నా నవ్వించినావా, తేడా తెలియడానికి?" అనేసి ఆమె వెళ్లిపోయింది. పుండు మీద కారం చల్లినట్టయింది ఓబుళరెడ్డికి. ఈ మనిషి నిజంగానే ఆ దొర వైపు తిరిగిపోయిందేమో! ఆ అనుమానం ఒకసారి లోపలికి దూరాక కంటికి కునుకు లేదు, నోటికి ముద్ద లేదు.

కొత్త కోడ్ తయారయ్యే రోజు వచ్చింది. మధ్యాహ్నం క్రెల్ తన పనిని ఎక్కించిన టేపు యంత్రానికి అప్పజెప్పి, మిస్ రీటాతో బంగళా వెనక చేల వైపు షికారు బయలుదేరాడు. ఓబుళరెడ్డి వెంటపడ్డాడు. దేశం కోసమా, పెళ్లాం కోసమా అని అతన్ని అడగకండి. కంపచెట్ల చాటున చేరి చెవులు రిక్కించాడు.

వేరుశెనగ పెరికేసిన చేను అది. నలుగురైదుగురు ఆడవాళ్లు కట్టెలతో నేల గెలుకుతూ, మట్టిలో మిగిలిన కాయలు ఒడిలో వేసుకుంటున్నారు.

"పరుల పొలమున వీరేల త్రవ్వుచున్నారు? ఇది చౌర్యము కాదా?" అన్నాడు క్రెల్.

"కాదు దొరా. రైతు పంటను ఇంటికి తోలుకున్నాక చేను వదిలేసినట్టే. మిగిలింది పరిగె. ఎవరు ముందొస్తే వాళ్లది. పెరుకుతాండగా కాలు పెడితే మాత్రం కొడతారు."

క్రెల్ పగలబడి నవ్వాడు. "యజమాని విడిచిన మరుక్షణమున ప్రవేశించువాడు దొంగ కాడు! ఎంత రమ్యమైన ఆచారము!" బంగళా వైపు ఒక చూపు చూసి, మళ్లీ నవ్వి, ఒక కాయ వలిచి గింజను ఆమె అరచేతిలో పెట్టాడు.

ఓబుళరెడ్డి కళ్లకు చీకట్లు కమ్మాయి. కంప దాటి దొర గొంతు పిసకాలని లేచాడు. ముళ్లు పంచెను పట్టుకున్నాయి. లాక్కోబోతుంటే ఆ నవ్వు మూడోసారి వినిపించింది. పరిగెకు ఇంత నవ్వా? నూనె మరల వ్యాపారికి అందులో అంత నవ్వొచ్చేది ఏముంది? బంగళా వైపు ఎందుకు చూశాడు? కోడ్ పని ముగిసిన వెంటనే వంతు ఎందుకు కావాలి?

"ఓరి నీ!" అంటూ పంచె చిరిగేలా లాక్కుని పరుగెత్తాడు.

యంత్రం గదిలో ఇంజనీరు ప్రేమయ్య మీటల ముందు ఉన్నాడు. రామేశ్వరమ్మ కాక, ఓబుళరెడ్డి ఎవరో తెలిసినవాడు బంగళాలో అతనొక్కడే.

"ప్రేమయ్యా! యంత్రంలో కోడ్ అంకెలు దాచే అరలు, పని అయినాక తుడుస్తారా?"

"తుడిచేదేముంది? కెర్నెల్ చూసుకుంటుంది." యంత్రానికి పెత్తందారులాంటి ప్రోగ్రాం పేరు కెర్నెల్. ఎవరి పనికి ఎన్ని అరలు ఇవ్వాలో, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో అదే చెబుతుంది. "పని ముగిస్తే ఆ అరలు ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. తర్వాతి వంతువాడు తన అంకెలు రాస్తే పాతవి చెరిగిపోతాయి."

"వాడు ఏమీ రాయకుండా, ముందే చదివితే?"

ప్రేమయ్య చెయ్యి మీట మీద ఆగిపోయింది. "కోడంతా అట్లే ఉంటాది" అన్నాడు.

"పరిగె! వాడు పరిగె ఏరుకుంటాండాడు! యంత్రం ఆపు!"

"ఆపితే కోడ్ స్టేషన్లకు చేరదు. ఈ సాయంత్రం నుంచి సరిహద్దంతా మూగ. కెర్నెల్‌ను దిద్దడానికా, ఇప్పుడు టైము లేదు."

"వాడి టేపు తీసేస్తే వాడు చేతికి దొరకడు. మా నాయన పరిగె వదలడం ఇష్టం లేక చేను చివర ఇంకో సాలు దున్నేసేవాడు. మనమూ దున్నాల. వాడి కంటే ముందు."

ప్రేమయ్యకు ప్రాణం లేచొచ్చింది. "ఈ మీట పట్టుకుంటే, మధ్యలో ఒక పనిని కీబోర్డు నుంచి దూర్చవచ్చు. మీట నేను వదలకూడదు. టైపు నువ్వు కొట్టు. అరలన్నీ నిండాల. వేళ్లు ఆగినాయా, పని అయిపోయిందని కెర్నెల్ అరలు వెనక్కి తీసుకుంటుంది. ఒకే అక్షరం కొట్టినా కీ ఇరుక్కుందని తోసేస్తుంది."

పచ్చ దీపం వెలిగింది. కోడ్ స్టేషన్లకు వెళ్లిపోయింది. అరలు ఖాళీ అయ్యాయి. ఓబుళరెడ్డి కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఏం కొట్టాలి? బుర్రలో ఒక్క మాట లేదు. తలెత్తితే అద్దం గోడ అవతల, హాల్లో టెలిప్రింటర్ పక్కన, షికారు నుంచి తిరిగొచ్చిన క్రెల్ రామేశ్వరమ్మ చెవి దగ్గర ఏదో గుసగుసలాడుతున్నాడు. ఆమె నవ్వుతోంది.

అంతే. వేళ్లు వాటంతటవే పరుగెత్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. నవ్వుతాండావా, నవ్వు, ఇన్నేళ్లలో నాతో ఒక్కనాడన్నా అట్లా నవ్వినావా, వాడి వెన్నెల మాటలకు మురిసిపోతాండావే, నాకు మాటలు రావని తెలిసే గదా చేసుకుంటివి, జుట్టు కత్తిరించుకునేటప్పుడు నాతో ఒక్క మాట చెప్పినావా, ఆ జుట్టంటే నాకు ప్రాణమని నీకేం తెలుసు... కడుపులో దాచుకున్న విషమంతా, విషం కింద ఉన్నదంతా అరల్లోకి ఒలికింది. "ఇంకా! ఇంకా! నిండలా!" అని ప్రేమయ్య అరుస్తున్నాడు. అసూయపడేవాడికి మాటలకు కరువా? ఎంత కొట్టినా తరగలేదు. ఎర్ర దీపం టక్కున వెలిగింది. ఆఖరి అర నిండింది. మరుక్షణం క్రెల్ టేపు గిర్రున తిరిగింది.

హాల్లో టెలిప్రింటర్ టకటకలాడింది. క్రెల్ ఆత్రంగా కాగితం లాక్కున్నాడు. చదివాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాడు. "ఇదేమి కోడు? 'ఆ తెల్ల తొండ నీ చెవిలో ఏమి ఊదుతాండాడు?' తొండ యెవడు?"

రామేశ్వరమ్మ అతని భుజం మీదుగా వంగి చదివింది. చదువుతూ చదువుతూనే ఆమె చేతిసంచి తెరిచింది. క్రెల్‌కు విషయం అర్థమై చెయ్యి కోటులోకి పోయేసరికి, అతని పక్కటెముకలకు రివాల్వర్ ఆనింది.

"కదలొద్దు దొరా. ఆ తొండవు నువ్వే."

ఓబుళరెడ్డి కెటిల్‌లోంచి కబురు పంపాడు. జీపులు వచ్చాయి. ఒక్క అంకె కూడా రాయకుండా చదవడానికే చేసిన టేపు క్రెల్ నేరానికి సాక్ష్యమైంది. ప్రేమయ్య అప్పుడే కెర్నెల్ ముందు కూర్చున్నాడు, అర వదిలే ముందు దున్నడం నేర్పడానికి. అయ్యన్న కాగితం ఆసాంతం చదివి, "ఇది గూడా ఢిల్లీకి పోవాల్సిందే" అన్నాడు దగ్గుతూ. ఓబుళరెడ్డి నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

రామేశ్వరమ్మ నల్ల కళ్లద్దాలు తీసేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నన్ను అనుమానించినందుకు నీ సంగతి ఇంట్లో చూస్తా బావా. అది అట్లుండనీ. ఆఖర్న 'నువ్వు లేకుంటే నేను' అని కొట్టి ఆగిపోయినావు. తర్వాత ఏంది?"

"అరలు నిండిపోయినాయి."

"నాకాడ జాగా ఉండాది. చెప్పు."

చీఫ్, ఇంజనీరు, పోలీసులు అందరూ చెవులప్పగించారు. సంకెళ్లతో ఉన్న క్రెల్ కూడా ముందుకు వంగాడు. "సంకోచింపకుము మిత్రమా. ముగింపు వినక చెరసాలకు పోజాలను." రామేశ్వరమ్మ కిసుక్కున నవ్వింది, వెంటనే క్రెల్ కూడా నవ్వాడు.

"చెప్తా," అన్నాడు ఓబుళరెడ్డి, "ముందు వీణ్ణి జీపెక్కించండి సార్. ఆమె నవ్వినప్పుడల్లా ఇంకా వీడూ నవ్వుతాండాడు."