ఒకే నంబరు, రెండు విమానాలు

ఉదయం ఎనిమిదీ పదికి కాలింగ్ బెల్ మోగింది.

మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉన్న యువకుడు ఫోన్‌ని టేబుల్ మీద పెట్టి, హెడ్‌సెట్‌ని మెడలోకి జార్చుకుని వెళ్ళి తలుపు తీశాడు. బయట కొరియర్ యూనిఫాంలో ఇద్దరు. ఒకడి చేతిలో అట్టపెట్టె.

"సంతకం పెట్టాలి."

"నేనేం ఆర్డర్ చెయ్యలేదే?"

"మీరు చెయ్యలేదు. మేం చేశాం. విమానం రంగు."

యువకుడి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. తలుపు మూయబోయాడు. మధ్యలో బూటు అడ్డం పడింది. రెండో బూటు అతని కడుపులో దిగింది. ఊపిరి అందక ముందుకు వంగినవాడి మెడలో హెడ్‌సెట్ కేబుల్ బిగుసుకుంది. కాళ్ళు కుర్చీని తన్నాయి, టేబుల్‌ని తన్నాయి, చివరికి గాలిని తన్నాయి. ఎదుటి స్క్రీన్ మీద ఒక విమానం ఆటోపైలట్‌లో నీలం సముద్రం దాటుతూనే ఉంది.

రెండోవాడు కంప్యూటర్ మూత ఊడదీసి హార్డ్ డిస్క్ లాగేశాడు. సముద్రం ఆరిపోయింది.

టేబుల్ మీద ఫోన్ లైన్ ఇంకా తెరిచే ఉందన్న సంగతి ఇద్దరూ చూసుకోలేదు.

* * *

"విను," అన్నాడు చీఫ్.

రికార్డింగ్‌లో ఆయాసపడుతున్న గొంతు. "సార్, నేను ఫ్లైట్ సిమ్యులేటర్ గేమ్‌కి లివరీలు చేస్తుంటాను. అందరూ కుంచె అంటారు. నేను రంగు వేసిన విమానం ఇవాళ ఆకాశంలో రెండు ఉంటాయి సార్. ఒకే రంగు, ఒకే నంబరు. ఎవరో బెల్ కొడుతున్నారు. ఒక్క నిమిషం ఉండండి."

ఆ తర్వాతి తొంభై సెకన్లూ కుర్చీ పడిన చప్పుడు, కాళ్ళు తన్నుకున్న చప్పుడు. చీఫ్ రికార్డింగ్ ఆపేశాడు.

చీఫ్ ఎదురుగా కూర్చున్నవాణ్ణి డిపార్ట్‌మెంట్‌లో జెముడు అంటారు. ఆ పేరు ఎందుకు వచ్చిందో అతని గొంతు పట్టుకోబోయినవాళ్ళు చెప్పగలిగేవారు, బతికుంటే.

"లివరీ అంటే ఏంటయ్యా?" అన్నాడు చీఫ్.

"విమానం ఒంటిమీద ఉండే రంగులు, గీతలు, పేరు. గేమ్‌లో కొత్త విమానం కావాలంటే యాడ్-ఆన్ ఇన్‌స్టాల్ చేస్తారు. దానికి మళ్ళీ నచ్చిన లివరీ తొడుగుతారు."

"పిల్లలాటన్నమాట."

"మా బావకి నలభై తొమ్మిదేళ్ళు సార్. పడగ్గదిలో సగం కాక్‌పిట్టే. మా అక్క దుప్పటి పట్టుకుని హాల్లోకి వచ్చేసింది."

చీఫ్ నవ్వలేదు. ఫైల్ ముందుకు తోశాడు. "మధ్యాహ్నం రెండూ నలభైకి శాంతి విమానం దిగుతుంది. పక్క దేశం విడుదల చేసిన మన సైనికులు అరవై రెండు మంది అందులో ఉన్నారు. ఇద్దరు విదేశాంగ మంత్రులూ టార్మాక్ మీదే నిలబడి ఆహ్వానిస్తారు. చుట్టూ ఆ సైనికుల కుటుంబాలు, జనం, అంతా కలిపి రెండు వేల మంది. అదే రంగుతో ఇంకో విమానం పది నిమిషాలు ముందొస్తే?"

"ఎవరూ ఆపరు. పూలు చల్లుతారు."

"ఇది ఆయుధాలమ్ముకునే త్రాసు ముఠా పని. చర్చలు చెడి మళ్ళీ యుద్ధం మొదలవ్వాలి వాళ్ళకి. వేడుక ఆపినా చర్చలు చెడినట్టే. ఆ రెండో విమానం ఎక్కడుందో నాకు కావాలి. కుంచెకి ఒక అక్క ఉంది. విమానాలకి రంగులేసే షాపులో పెయింటర్. వాడు ఏ లివరీ చేసినా ముందు ఆవిడకే చూపిస్తాడట."

"నాతో ఎవరొస్తున్నారు?"

"నెమలి. ఏడాదిగా త్రాసులో మన మనిషి. సిమ్యులేటర్లు కొట్టిన పిండి."

"మన మనిషే కదా సార్?"

"ఇప్పటిదాకా," అన్నాడు చీఫ్.

టెక్నికల్ సెక్షన్‌వాళ్ళు జెముడుకి ఇన్‌స్పెక్టర్ ఓవరాల్ తొడిగి, చేతికి ఒక మీటర్ ఇచ్చారు. పెయింట్ మందం కొలిచే మీటర్. ఎర్ర బటన్ నొక్కితే మాత్రం అందులోంచి ఒక బుల్లెట్ వస్తుంది. ఒక్కటే.

* * *

పెయింట్ షాపు హ్యాంగర్‌లో థిన్నర్ వాసన కళ్ళు మండించేలా ఉంది. స్కాఫోల్డింగ్ మధ్యనున్న ఒక విమానం తోకకి మాస్కింగ్ టేప్ అంటించి ఉంది. దాని కింద, పైలట్ యూనిఫాంలో, నల్లకళ్ళద్దాలతో ఒక స్త్రీ నిలబడి ఉంది. పనివాళ్ళు ముగ్గురు ఆమెనే చూస్తూ ఒకే చోట సాండ్ పేపర్ రుద్దుతున్నారు.

"ఈ రంగు ఆరడానికి ఎంతసేపు పడుతుంది?" అన్నాడు జెముడు.

"గాలిని బట్టి ఉంటుంది," అంది నెమలి నవ్వుతూ. కోడ్ సరిపోయింది.

కుంచె అక్క స్కాఫోల్డింగ్ దిగి వచ్చింది. యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా తెల్ల రంగు. జెముడు ఆమెని పక్కనున్న ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇలాంటి మాటకి మెత్తటి దారి ఉండదని అతనికి తెలుసు.

ఆమె ఏడవలేదు. చేతి రంగుని గుడ్డతో తుడుచుకోవడం మొదలుపెట్టింది. చర్మం ఎర్రబడ్డా ఆపలేదు.

"పొద్దున ఏడింటికి ఫోన్ చేశాడు. టిఫిన్ తినలేదంటే తిట్టాను," అంది. "తిట్టి పెట్టేశాను."

"అక్కా," అన్నాడు జెముడు. ఆ పిలుపు అనుకోకుండా వచ్చింది. "వాడు చివరగా చేసిన లివరీ నీ దగ్గరుందా?"

ఆమె ఓవరాల్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసింది. "నిన్న సాయంత్రం ఇచ్చి వెళ్ళాడు. తీరిగ్గా చూడమన్నాడు. వాడి గేమ్ ఈ కంప్యూటర్‌లోనే ఉంది. ఆదివారాలొచ్చి ఇక్కడే ఆడేవాడు."

నెమలి లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె వేళ్ళు కీబోర్డు మీద చకచకా కదిలాయి. ముందు యాడ్-ఆన్ విమానం ఫోల్డర్‌ని గేమ్ ఫోల్డర్‌లోకి లాగింది. లోపల లివరీ ఫోల్డర్ పెట్టింది. సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్ తెరిచి ఏదో టైపు చేసి సేవ్ చేసింది. గేమ్ లోడయింది.

రన్‌వే మీద విమానం ప్రత్యక్షమైంది. ఒంటినిండా ఊదా, నలుపు గళ్ళు.

"ఫైల్ పాడైపోయింది," అంది నెమలి. "ఇందులో ఏం లేదు. వచ్చి డిలీట్ చేస్తాను. నాకు నీళ్ళు కావాలి, తలనొప్పిగా ఉంది." లేచి బయటికి వెళ్ళింది.

జెముడు ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. గదిలోకి వచ్చినప్పుడు ఉంది.

అక్క స్క్రీన్ వైపే చూస్తోంది. "గళ్ళొచ్చాయంటే రంగు లేక కాదు. గేమ్‌కి దారి దొరక్క. ఫోల్డర్ పేరూ, ఫైల్లో రాసిన పేరూ ఒకటే ఉండాలి. చదువు."

అతను చదివాడు. ఫోల్డర్ పేరు 'శాంతి'. ఫైల్లో రాసింది 'శాంతి1'.

"మావాడు ఇలాంటి తప్పు చెయ్యడు," అంది అక్క. "ఆ ఒకటి ఇప్పుడు పడింది."

జెముడు వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు. ఆ అంకె చెరిపి, గేమ్ మళ్ళీ తెరిచాడు. ఈసారి తెల్లటి విమానం తళతళలాడుతూ నిలబడింది. నడుం పొడవునా లేత నీలం చార, తోక మీద ఎగిరే కొంగ. రిజిస్ట్రేషన్ నంబర్ శాంతి విమానానిదే.

"ఇందులో కొత్తేముంది?"

"గాల్లోకి లేపు. బయటి నుంచి చూపించు. ఇప్పుడు చక్రాలు దించు." అక్క మొహం స్క్రీన్‌కి దగ్గరగా పెట్టింది. "చక్రాల తలుపు లోపలి వైపు ఎవరూ చూడరు. మా పెయింటర్లం అక్కడ పేర్లు రాసుకుంటాం. వాడు నాకేమైనా చెప్పాలంటే అక్కడే రాస్తాడు. అది మా ఇద్దరి ఆట."

విమానం ముక్కు కింద తలుపులు తెరుచుకున్నాయి. జూమ్ చేశాడు. చీమల్లాంటి అక్షరాలు.

'అక్కా, వాళ్ళు పంపిన ఫోటోలు బొమ్మవి కావు, నిజం విమానానివి. పాత ఎయిర్‌ఫీల్డ్, ఏడో హ్యాంగర్. లోపల సీట్లు లేవు, డ్రమ్ములున్నాయి. నామీద కన్నేసి ఉంచారు. నువ్వు జాగ్రత్త.'

అప్పుడే జెముడు మెడ వెనక చల్లటి ఇనుము తగిలింది.

"చదవడం అయిందా?" అంది నెమలి. "లే. చేతులు తలమీద."

ఆమె వెనక కొరియర్ యూనిఫాంలో ఇద్దరు, చేతుల్లో నెత్తుటి కత్తులతో. బయట హ్యాంగర్‌లో సాండ్ పేపర్ చప్పుడు ఆగిపోయి ఉంది. అద్దంలోంచి చూస్తే ముగ్గురు పనివాళ్ళూ నేలమీద బోర్లా పడి ఉన్నారు. తెల్ల రంగులో ఎరుపు కలుస్తోంది.

"ఏడాదిగా నీ రిపోర్టులు నేను చదువుతున్నాను," అన్నాడు జెముడు. "అక్షరం తప్పు ఉండేది కాదు."

"అటువైపు కూడా అదే మెచ్చుకుంటారు."

అక్క కదలకుండా కొరియర్‌వాళ్ళనే చూస్తోంది. "మా తమ్ముణ్ణి చంపింది మీరేనా?"

పొడుగ్గా ఉన్నవాడు భుజాలెగరేశాడు. "మాటిమాటికీ అక్కా అన్నాడు. నువ్వేనా అది?"

అక్క చెయ్యి బల్ల కిందికి వెళ్ళింది. పాత రంగు కరిగించే రిమూవర్ డబ్బా అక్కడ మూత తీసి ఉంది. ఆమె దాన్ని ఎత్తడం, వాడి మొహాన కుమ్మరించడం ఒకటే కదలికలో జరిగిపోయాయి. వాడి అరుపు రేకుల కప్పుని తాకింది. వేళ్ళతో కళ్ళు పీక్కుంటూ అద్దం మీద పడ్డాడు. అద్దం పగిలింది. వాడి గొంతు అంచు మీద తెగింది.

జెముడు తల పక్కకి వంచాడు. నెమలి పేల్చిన గుండు అతని చెవి తమ్మెని తీసుకుపోయింది. అతను జేబులోని మీటర్ లాగి రెండోవాడి ఛాతీకి ఆనించి ఎర్ర బటన్ నొక్కాడు. వాడు ఆశ్చర్యంగా మీటర్ వంకే చూస్తూ కూలబడ్డాడు.

నెమలి రెండోసారి గురి పెట్టేలోపు జెముడు ఆమె మణికట్టుని బల్ల సొరుగులోకి తోసి, మోకాలితో సొరుగు మూసేశాడు. ఎముక విరిగిన చప్పుడు. పిస్టల్ అతని చేతికొచ్చింది.

"టైం దాటిపోయింది," అంది నెమలి పళ్ళ బిగువున. "రెండుంబావుకి టేకాఫ్."

జెముడు వాచీ చూశాడు. రెండూ ఐదు. ఆమె హ్యాండ్‌బ్యాగ్ బోర్లించాడు. లిప్‌స్టిక్ కింద దాచిన జామర్ని మడమతో నలిపేసి, ఆమెని కంప్రెసర్ పైపుకి సంకెళ్ళతో బిగించాడు. ఫోన్‌లో సిగ్నల్ వచ్చింది.

"చీఫ్, ఏడో హ్యాంగర్, పాత ఎయిర్‌ఫీల్డ్. ఇక్కడికి ఆరు కిలోమీటర్లు."

"కమాండోలకి ఇరవై నిమిషాలు పడుతుంది. జనాన్ని ఖాళీ చేయించడానికి ముప్పై. లేచిందంటే గాల్లో కూల్చలేను జెముడూ. రాడార్ మీద రెండూ ఒకటే. పొరపాటున మనవాళ్ళనే కూలిస్తే?"

"నేల మీదే ఆపుతాను."

* * *

బయట రంగు పనికి వాడే లిఫ్ట్ లారీ ఉంది. దాని తాళాలు అక్క చేతిలో ఉన్నాయి. అతను చెయ్యి చాచాడు.

"దీని గేర్లు నాకు తప్ప ఎవరికీ పడవు," అంది అక్క. "ఎక్కు."

ఎయిర్‌ఫీల్డ్ గేటు దగ్గర కాపలావాడు తుపాకీ ఎత్తాడు. అక్క బ్రేక్ వెయ్యలేదు. లారీ గేటునీ, వాణ్ణీ కలిపి తొక్కేసింది. రెండో కాపలావాడు కాల్చిన తూటాలు ముందు అద్దాన్ని పొడి చేశాయి. జెముడు ఆ కంతలోంచే రెండుసార్లు కాల్చాడు. వాడు ఇసుక బస్తాల మీద వేలాడాడు.

రన్‌వే చివర తెల్లటి విమానం కదులుతోంది. లేత నీలం చార. తోక మీద కొంగ. కుంచె తెర మీద వేసిన బొమ్మ, నిజం ఇంజన్లతో గర్జిస్తోంది.

"ముక్కు చక్రం విరిగితే చాలు," అంది అక్క. ఆమె భుజం నుంచి నెత్తురు కారుతోంది. ఆ సంగతి ఆమెకి తెలిసినట్టు లేదు.

"దగ్గరికి రాగానే దూకేద్దాం. డ్రమ్ములు—"

"తెలుసు. మాట్లాడకు."

ఎనభై గజాలు. నలభై. విమానం ముక్కు లేవబోతోంది. అక్క స్టీరింగ్‌ని గునపంతో బిగించి, "ఇప్పుడు!" అంది. ఇద్దరూ చెరో వైపు దూకారు.

లారీ నేరుగా ముక్కు చక్రం కిందికి దూరింది. ఇనుము ఇనుముని నమిలిన చప్పుడు. చక్రం ఊడి గాల్లోకి ఎగిరింది. విమానం మోకాళ్ళ మీద పడినట్టు ముందుకు ఒరిగి, ముక్కుతో రన్‌వేని దున్నుకుంటూ, నిప్పులు చిమ్ముతూ, గడ్డిలోకి వెళ్ళి ఆగింది.

పేలలేదు.

కాక్‌పిట్ పక్క కిటికీ తెరుచుకుంది. మొహమంతా నెత్తురుతో పైలట్ నడుం దాకా బయటికి వచ్చాడు. చేతిలో రిమోట్. బొటనవేలు బటన్ కోసం వెతుకుతోంది.

జెముడు మోకాలి మీద లేచి కాల్చాడు. పిస్టల్‌లో అదే ఆఖరి గుండు. అది పైలట్ మోచేతిని చీల్చింది. రిమోట్ గడ్డిలో పడింది. పైలట్ దాని మీదికే తలకిందులుగా దూకాడు. జెముడు పరుగెత్తి అతని మీద పడ్డాడు. వాడు జెముడు చేతిని ఎముక తగిలేదాకా కొరికాడు. జెముడు వాడి జుట్టు పట్టుకుని తలని విమానం ముక్కు కింద విరిగిన ఇరుసుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నాలుగో దెబ్బకి వేళ్ళు విడిపోయాయి. బొటనవేలు బటన్ మీదే ఉంది, నొక్కడానికి ప్రాణమే లేదు. జెముడు రిమోట్ వీపు ఊడదీసి బ్యాటరీలు తీసేశాడు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

కాసేపటికి దూరంగా ఆకాశంలో ఒక తెల్లటి విమానం చక్రాలు దించుకుంటూ నగరం వైపు వెళ్ళింది. అందులో అరవై రెండు మంది ఉన్నారు. అక్క అది కనుమరుగయ్యేదాకా తల ఎత్తి నిలబడింది. అంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. విరిగిన విమానానికి చేతులు ఆనించి, నుదురు ఆనించి ఏడ్చింది. జెముడు పక్కనే నిలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె మొహం తుడుచుకుని, ఎదుటి నీలం చారని గోటితో గీకింది. అరచేయంత పెచ్చు ఊడి వచ్చింది. కింద పాత కార్గో విమానం మాసిన బూడిదరంగు.

"డిజైన్ మావాడిదే. వెంట్రుకవాసి తేడా లేదు," అంది ముక్కు ఎగబీలుస్తూ. "రంగు కొట్టినవాళ్ళ మొహం మండ. కింద ప్రైమర్ పూత వెయ్యకుండా ఎవరైనా రంగు కొడతారా?"

ఫోన్ మోగింది. చీఫ్.

"శాంతి విమానం దిగింది. అందరూ క్షేమం. అక్కడ ఆ విమానం సంగతేంటి?"

జెముడు తెగిన చెవికి గుడ్డ అదుముకుంటూ, అక్క చేతిలోని పెచ్చు వంక చూశాడు.

"రంగు బయటపడింది సార్."