మూడో పిలుపు

“పొద్దుటినుంచీ బాగున్నాననే అంటోంది పిల్ల. అదే నా భయం,” అంది వీరవేణి, వినికిడి గదిలో పీట మీంచి లేవకుండానే.

గుమ్మానికి అవతల కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న సత్తిరాజు తలెత్తి పెళ్ళాం వంక చూశాడు.

“బాగోలేదంటే ఏడుస్తావు, బాగున్నానంటే భయపడతావు. నీతో ఎలా వేగాలే తల్లీ!”

“జలుబుతో దిగిందండీ అది. ఒక్క దగ్గయినా వినపడొద్దూ?”

ఆ గది ఒకప్పుడు సామాన్ల కొట్టు. కాళ్ళు చాపుకుంటే అవతలి గోడ తగులుతుంది. గొంతు గోడలకు కొట్టుకుని చెదరకుండా చుట్టూ పాత బొంతలు వేలాడదీసింది వీరవేణి. కడలి అడుగున గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒడ్డున ఇంటివాళ్ళలో ఒకరు వినుదారుగా ఉండాలి. కిందనుంచి స్వరతంతి మోసుకొచ్చే ఊపిరిని పనివేళంతా వింటూ కూర్చోవాలి. తేడా తోస్తే గోడకున్న ఎర్రపిడి లాగాలి. లాగితే ఆ వరసలో పనిచేసే వాళ్ళందరూ ఒక్కసారే పైకి లేస్తారు, గని ఆగిపోతుంది.

వీరవేణి ఇదివరకు ఉత్తి కంగారుతో లాగింది, అదీ ఒకసారితో పోలేదు. ఇంకోసారి అలా చేస్తే పీట మీంచి లేపేస్తామని సంస్థవాళ్ళు తేల్చి చెప్పారు. ఆ తర్వాత కూతురు నూకరత్నం ఊపిరి వినేది ఏదో యంత్రం. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు అన్నం సయించదు.

నిన్న సంస్థ మనిషి ధర్మతేజ వచ్చి కొత్త స్పీకర్ల జత బిగించి వెళ్ళాడు. వాటి పేరు నిండుపలుకు. పాత చెక్కపెట్టెను మూలకు తోశాడు. దాని కాగితం డిప్ప చిరిగితే గంజి పూసి చీరపేలిక అంటించింది వీరవేణే. అప్పటినుంచీ అది గరగరలాడుతూనే ఉంది. కొత్తవి అలా కాదు, పిల్ల పక్కన చేరి చెవిలో చెబుతున్నట్టే ఉంది. సత్తిరాజు మురిసిపోయాడు.

ఇవాళ ధర్మతేజ ఆవిడ ఇష్టం కనుక్కోవడానికి మళ్ళీ వచ్చాడు.

“నచ్చినట్టేనా పిన్నిగారూ? వీధి వీధంతా మార్చేసుకున్నారు, మీదొక్కటే మిగిలింది. వేలిముద్ర వేస్తే పాతది పట్టుకుపోతాను.”

“దగ్గు వినపడట్లేదేం బాబూ?”

“గరగరలన్నీ తీసేస్తదండి. అదే దీని గొప్ప.”

“దగ్గు గరగరా?”

“అమ్మలు హడలిపోయే చప్పుళ్ళేవీ రానివ్వదండి,” అని నవ్వాడు. “మీలాంటోళ్ళ కోసమే కనిపెట్టారనుకోండి.”

సత్తిరాజు కూడా నవ్వాడు. ఆ నవ్వుకి వీరవేణికి ఒళ్ళు మండిపోయింది. నియమం ప్రకారం “క్షేమమా?” అని అడగాలి. ఆవిడ అడగలేదు. స్పీకర్ వైపు తిరిగి పేరు పెట్టి కేకేసింది.

“నూకరత్నం!”

“ఆఁ అమ్మా, బాగున్నాను.” పిలుపు పూర్తయీ కాకముందే జవాబు.

“చూశారా, ఎంత చురుగ్గా ఉందో!” అన్నాడు ధర్మతేజ.

వీరవేణి వాళ్ళ ఇంట్లో చీకట్లో పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకి ఎవరూ పలకరు. రెండోదానికీ పలకరు. దయ్యానికి మూడోసారి పిలవడం చేతకాదని తల్లి తనకు చెప్పింది, తను కూతురికి నేర్పింది. చిన్నప్పుడొకసారి తొందరపడి పలికినందుకు వీపు మీద ఒక్కటి వేసింది కూడా. కడలి అడుగున ఎప్పుడూ చీకటే. తోటివాళ్ళు ఎంత వేళాకోళం చేసినా నూకరత్నం అక్కడా మూడో పిలుపుకే పలికేది.

“ఇది నా కూతురు కాదు.”

“మళ్ళీ మొదలెట్టావా?” అన్నాడు సత్తిరాజు.

“మీరు నోరు మూసుకోండి! ఒరేయ్ అబ్బాయ్, నిజం చెప్పు. ఎవరిదిరా ఈ గొంతు?”

ధర్మతేజ చూపు దించుకున్నాడు. “అమ్మాయిగారిదేనండి. తంతి సన్నబడి కిందనుంచి మాట సరిగ్గా రానప్పుడు, పాత మాటల్లోంచి తీసి అతికిస్తది. మీకు కంగారు లేకుండా.”

“నిజంగా ఎప్పుడు మాట్లాడింది అది?”

“తెలీదండి. మాక్కూడా కనపడదు.”

“కనపడకుండా చేసుకున్నారా! నా పిల్ల నోరు నొక్కేసి, దాని గొంతుతో నాకు జోలపాడతారా? మీ ఇళ్ళు తగలడ!”

రెండు చేతులా వైర్లు పట్టి పీకేసింది. పాత పెట్టెను మూలనుంచి ఈడ్చింది. ఊడిన కొసలు పళ్ళతో ఒలిచి దానికి చుట్టింది. ధర్మతేజ అడ్డం రాబోతే మోచేత్తో తోసేసింది. పెట్టె గరగరమంది. ఆ గరగరలో కడలి తప్ప ఏమీ లేదు.

“నూకరత్నం!”

ఏమీ లేదు.

“నూకరత్నం!”

సత్తిరాజు చేతిలోని చిక్కుడుకాయ నేల మీద పడింది.

“నూకరత్నం!”

మూడో పిలుపుకీ జవాబు రాలేదు. వీరవేణి ఎర్రపిడి మీద చెయ్యి వేసింది.

“వేణీ, తప్పయితే?” అన్నాడు సత్తిరాజు.

“తప్పయితే నా పీట పోతుంది. కాకపోతే ఏం పోతుందో మీకు తెలీదా?”

లాగింది.

ఒడ్డు పొడవునా కూత మోగింది. నేలలో ఎప్పుడూ ఉండే గని అదురు ఆగిపోయింది. వరస మొత్తం నీళ్ళలోంచి పైకి లేస్తూ ఉంటే, పక్కింటి కిటికీలోంచి, అదే వరసలో పనిచేసే వాళ్ళబ్బాయి గొంతు మెత్తగా, తీరిగ్గా వినిపించింది. “పని చేసుకుంటున్నా నాన్నా. బాగున్నాను.”

ధర్మతేజ ఆ కిటికీ వైపే చూస్తూ గోడకి చేరగిలబడిపోయాడు.

వీరవేణి చెక్కపెట్టెకి చెవి ఆనించి కూర్చుంది. చీరపేలిక అంటించిన డిప్ప చాలాసేపు ఉత్తినే వణికింది. చివరికి దానిలోంచి ఒక దగ్గు వచ్చింది. ఇంకో దగ్గు వచ్చింది. తర్వాత ఊపిరి కూడదీసుకుంటూ, కోపంతో బొంగురుపోయిన గొంతు.

“గాలి అందట్లేదని ఎన్నిసార్లు పిలిచానే అమ్మా! మూడోసారికైనా ఎందుకు పలకలేదు నువ్వు?”