నోరు మూసుకున్న మూడు

ఎనిమిదో నంబర్ గోడౌన్ తలుపు తెరిచిన మరుక్షణమే తూటా తగిలింది. మేస్త్రీ కేక కూడా వెయ్యలేదు. గూఢచారి శాఖలో అందరికంటే అనుభవమున్న ఆ ఏజెంట్ అట్టపెట్టెల మధ్య ఒరిగిపోయాడు. ఉదయం అందిన ఆదేశం అతని జేబులోనే ఉంది: ‘గోడౌన్ నం. 8’.

ఆ కాగితం ఇప్పుడు శాఖాధిపతి బల్లమీద ఉంది. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ పేరు గొడుగు. ఎంత జడివానలోంచైనా తడవకుండా బయటపడతాడని మేస్త్రీయే ఆ పేరు పెట్టాడు.

పెద్దాయన కంప్యూటర్ స్క్రీన్‌ను అతనివైపు తిప్పాడు. అదే ఆదేశం. కానీ అందులో ‘గోడౌన్ నం. 3’ అని ఉంది.

“మూడు అని చెప్పింది నేను. టైప్ చేసింది మన టైపిస్ట్ అమ్మాయి. ఎనిమిది కొట్టి, ప్రింట్ తీసి, ఆ తర్వాత ఫైల్లో మూడుగా దిద్దిందని సెక్యూరిటీ వాళ్ళ అనుమానం. కస్టడీలో పెట్టారు.”

“ఆ అమ్మాయి మేస్త్రీ సొంత చెల్లెలు సార్.”

“తెలుసయ్యా. అందుకే నాకు అన్నం సయించట్లేదు. వెళ్ళి నిజమేంటో తేల్చు.”

గొడుగు ముందు ఆమె దగ్గరికే వెళ్ళాడు. కిటికీ లేని గదిలో ఇనుప కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి.

“నేను మూడే కొట్టాను అన్నయ్యా. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. మా అన్నని నేను చంపుకుంటానా?”

“కాగితం మీద ఎనిమిది ఉందమ్మా.”

“నువ్వు కూడా నమ్మట్లేదా?”

నమ్ముతున్నానని ఒక్క మాట అంటే ఆమె కాస్త కుదుటపడేది. కానీ అబద్ధాలు చెప్పడమే వృత్తిగా బతుకుతున్న గొడుగు ఆ ఒక్కమాట అనలేకపోయాడు. తలుపు మూసుకుని బయటికొచ్చాడు.

మర్నాడు ఉదయం కాఫీహౌస్‌లో అతని ఎదుటి కుర్చీలో ఒకావిడ వచ్చి కూర్చుంది. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి సిల్కు స్కార్ఫు, నాలుగు బల్లల అవతలికి కూడా తెలిసే సెంటు. శాఖ వేటాడుతున్న విదేశీ ముఠా మాటల్ని తెలుగులోకి మార్చి చెప్పే దుబాసీ ఆమె. ఆమె తమ మనిషేనని ముఠా నమ్మకం. కాదు, మన మనిషేనని పెద్దాయన నమ్మకం. గొడుగుకి మాత్రం ఏ నమ్మకమూ లేదు.

“వాన పడేలా ఉందా?” అందామె. అది కోడ్.

“మబ్బు మాత్రం పట్టింది.”

“ముఠాను వదిలేసి మీవైపు వచ్చిన ఇంజినీర్ని సాక్ష్యం చెప్పించడానికి ఇవాళ కోర్టుకి తీసుకెళ్తున్నారు కదా. చేరనివ్వరు.”

“ఎలా?”

“మీ ఆఫీసులో నాలాంటి దుబాసీ ఇంకొకటి ఉంది. అది మనిషి కాదు. చెప్పింది చెప్పినట్టు చెప్పడం మానేసింది.” కప్పు ముట్టకుండానే లేచింది. “ఇంతకంటే చెప్తే నా మెడకి చుట్టుకుంటుంది.”

గంట తిరక్కుండా, లోపలి దొంగ జాగ్రత్తపడకుండా నెరిసిన మీసం అంటించుకుని, టోనర్ పెట్టె భుజాన వేసుకుని గొడుగు తన ఆఫీసులోకే మెకానిక్కులా అడుగుపెట్టాడు. ప్రింటర్ గది వేడిగా ఉంది. ఈ గది చూసుకునే అసలు మెకానిక్ ఉదయమే వచ్చి వెళ్ళాడట. మనిషి కాని దుబాసీ ఏమిటా అని ఆలోచిస్తూ స్టూలు మీద కూర్చున్నాడు. కంప్యూటర్ భాషను ప్రింటర్‌కు అర్థమయ్యేలా మార్చేది ఒక్కటే. ప్రింటర్ డ్రైవర్.

రహస్య ఆదేశాలకు శాఖలో ప్రత్యేకంగా ఒక ఫాంట్ వాడతారు. అందులో 3 కొట్టి ప్రింట్ ఇచ్చాడు. బయటికొచ్చిన కాగితం మీద 8 ఉంది.

పెన్నులో దాచిన భూతద్దం తీసి చూశాడు. ఎవరో ఓపిగ్గా, మూడు అంకెకున్న రెండు నోళ్ళనీ సన్నని గీతలతో మూసేశారు. మామూలు ఫాంట్‌లో 3 కొడితే 3 వచ్చింది. వెంటనే డ్రైవర్ సెట్టింగ్స్‌లో ఫాంట్ సబ్‌స్టిట్యూషన్ టేబుల్ తెరిచాడు. అంటే, ఏ ఫాంట్ బదులు ప్రింటర్ మెమరీలోని ఏ ఫాంట్ వాడాలో చెప్పే పట్టిక. అన్ని ఫాంట్ల ఎదుటా ‘మార్చవద్దు’ అని ఉంది. రహస్య ఫాంట్ ఎదుట మాత్రం ఎప్పుడూ వినని పేరొకటి ఉంది. మూడు అంకె ఉన్న ఆదేశం వచ్చిన రోజున మెకానిక్ ఈ సెట్టింగ్ పెడుతున్నాడు, పని కాగానే ఎవరికీ దొరక్కుండా తీసేస్తున్నాడన్నమాట. స్క్రీన్ ఎప్పుడూ నిజమే చెబుతుంది. అబద్ధం కాగితం మీదికి వచ్చేటప్పుడే చేరుతుంది.

ఆ అమ్మాయి మూడే కొట్టింది.

ఇవాళ కూడా సెట్టింగ్ పెట్టే ఉంది. గొడుగు వాచీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు.

“సార్, ఇంజినీర్ కోర్టులోకి ఏ గేటు గుండా వెళ్తున్నాడు?”

“మూడో గేటు. చుట్టూ మేడలన్నీ నేనే దగ్గరుండి సోదా చేయించాను. ప్రింటెడ్ ఆర్డర్ కాన్వాయ్ కమాండర్‌కి ఇచ్చేశాం.”

“ఆయన చేతిలో ఉన్నది ఎనిమిదో గేటు సార్! ఫోన్ చెయ్యండి!”

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

“కాన్వాయ్‌లో ఫోన్లూ వైర్‌లెస్సూ అన్నీ ఆఫ్. ఆ రూల్ పెట్టింది నేనే.”

గొడుగు మెట్లు దిగలేదు, దూకాడు. కొరియర్ వాడి మోటార్ సైకిల్ లాక్కుని రోడ్డెక్కాడు. సిగ్నల్స్ దాటుతుంటే ఎవరెవరో తిడుతున్నారు. సగం దారిలో మీసం ఊడి గాలికి కొట్టుకుపోయింది. ఎనిమిదో గేటు ఎదుట నల్లకారు అప్పటికే ఆగి ఉంది. గార్డు వెనక తలుపు తెరుస్తున్నాడు. ఇంజినీర్ ఒక కాలు కింద పెట్టాడు.

గొడుగు బండిని వదిలేసి అతని మీదికి ఉరికాడు. ఇద్దరూ సీట్లో పడ్డారు. అదే క్షణంలో ఎదురు మేడ మూడో అంతస్తు నుంచి తుపాకీ పేలింది. తూటా కారు అద్దాన్ని పగలగొట్టి గేటు స్తంభంలో దిగబడింది. రెండో తూటా రాలేదు.

గార్డులు మేడమీదికి పరుగెత్తారు. చెయ్యి విరిగిన హంతకుణ్ణి కిందికి ఈడ్చుకొచ్చారు. వెనకే దుబాసీ దిగింది. కళ్ళద్దాలు లేవు. ఎర్ర స్కార్ఫు అరచేతికి చుట్టుకుని ఉంది.

“గురి తప్పించింది మీరేనా?” అన్నాడు గొడుగు.

“వాడి పక్కన కాపలాకి పెట్టారు నన్ను. సమయానికి తుపాకీ గొట్టం పట్టుకుని వాడి చెయ్యి విరిచాను. అరచెయ్యి ఇంకా చురచురమంటోంది.”

గొడుగు ఒక అడుగు ముందుకేశాడు.

“మేస్త్రీ సంగతి కూడా ముందే తెలుసా?”

“తెలుసు.”

“ఎందుకు చెప్పలేదు?”

“చెప్పుంటే అప్పుడే నన్ను లేపేసేవాళ్ళు. ఇవాళ ఆ గదిలో నేనుండేదాన్ని కాదు.” ఆమె కళ్ళు దించలేదు. “తిట్టాలనుంటే తిట్టండి. నన్ను నేను తిట్టుకోని క్షణం లేదు.”

గొడుగు తిట్టలేదు. క్షమించనూ లేదు.

సాయంత్రానికి మెకానిక్ బస్టాండులో దొరికాడు. కస్టడీ గది తలుపు తీసింది గొడుగే.

“నువ్వు మూడే కొట్టావమ్మా. నిన్న నమ్మాల్సింది. నమ్మలేదు.”

ఆమె గోడ పట్టుకుని లేచింది. “అంటే నా వల్ల కాదుగా అన్నయ్యా? అన్న చచ్చిపోయింది నా చేతి తప్పు వల్ల కాదుగా?”

“కాదు.”

ఆమె అప్పుడు ఏడ్చింది. అతను పక్కనే కూర్చున్నాడు. దుబాసీకి ముందే తెలుసన్న మాట మాత్రం చెప్పలేదు. చెప్పాలో వద్దో ఆ తర్వాత కూడా చాలాకాలం తేల్చుకోలేకపోయాడు.

మర్నాడు శాఖలో కొత్త ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట రహస్య ఆదేశాలకు ప్రింటర్ వాడకూడదు, చేతిరాత తప్పనిసరి అని. ఆ ముక్కను పెద్దాయనే స్వదస్తూరితో రాసి గోడకు అంటించాడు. అదేమిటో చదవడానికి కోడ్‌లు ఛేదించే విభాగమంతా సాయంత్రం దాకా తంటాలు పడింది.