తల్లి దగ్గరికి పోని గొర్రెపిల్ల

చంద్రవంక రాజ్యంలో ఆ ఏడు చలికాలం ఏ సందడీ లేకుండా గడుస్తోంది. హిమదంష్ట్రుడనే రాక్షసుడు పసివాడైన రాజకుమారుణ్ణి గొర్రెపిల్లగా మార్చి, మంచుకొండ మీది తన మందలో కలిపేశాడు. బిడ్డను గుర్తుపట్టినవారు తీసుకుపోవచ్చని షరతు పెట్టాడు. పొరబడితే మాత్రం తామూ గొర్రెలై అక్కడే ఉండిపోవాలి. వెళ్ళిన వీరులెవరూ తిరిగి రాలేదు. చలికాలం దాటితే మాయ ఇక ఎన్నటికీ వీడదని తెలిసి, మహారాణి అన్నం ముట్టడం మానేసింది.

ఆ కబురు విని కొమురమ్మ అనే అమ్మాయి కొండకు బయలుదేరింది. ఆమెకు తల్లీతండ్రీ లేరు. పెంచిన తాత కిందటేడు పోయాడు. ఆయన మిగిల్చింది ఒక నల్లని ఉన్ని గొంగడి, కాసిని గొర్రెలు. వాటిని ఎవరికీ అప్పగించలేక వెంట తోలుకునే వెళ్ళింది.

లోయ నిండా పచ్చని గడ్డి, గడ్డి నిండా మంచు. పొదలోంచి, ఆ దారి కాసే ఒక యక్షిణి పలికింది: "బాలా, నీ గొర్రెలు ఆకలితో నకనకలాడుతున్నాయి. మేపుకో."

కొమురమ్మకు తాత గొంతు వినబడినట్టయింది. చలికాలం పొద్దున్నే తాను మందను వదలబోతే ఆయన చేయి పట్టి కూర్చోబెట్టేవాడు. "మంచు ఆరనియ్యి బిడ్డా. తడిగడ్డి తింటే రోగమొస్తది" అనేవాడు. ఇద్దరూ ఒకే గొంగట్లో ముడుచుకుని, మంట కాచుకుంటూ ఎండ కోసం చూసేవారు. ఆ పొద్దులు మళ్ళీ రావని తలచుకుంటే ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఎండ వచ్చేదాకా ఆగింది. మంచుతో పాటే అందులో యక్షిణి కలిపిన విషమూ ఆవిరైపోయింది. యక్షిణి దారి వదిలింది.

కనుమలో గాలిభూతం ఎముకలు కొరికే చలిగాలి విసిరింది. గొర్రెలు ఒకదాన్నొకటి ఒరుసుకుని గుంపుకట్టాయి. వాటి మధ్య దూరబోయిన కొమురమ్మకు, గాలికి ఎదురుగా వణుకుతున్న ముసలి గొర్రె కనిపించింది. తాత ఎప్పుడూ గాలి వచ్చే వైపే పడుకునేవాడు. ఆమె ముసలిదాన్ని లోపలికి నెట్టి, దాని చోట తాను నిలబడింది.

"ఇంతవరకూ వచ్చినవాళ్ళంతా తోడువాళ్ళను గాలికి అడ్డం పెట్టుకున్నారు," అంటూ భూతం నెమ్మదించింది. "నువ్వు వెళ్ళు తల్లీ."

కొండ మీద దొడ్డి నిండా తెల్లని గొర్రెపిల్లలు. అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి.

"చూపించు, నీ రాజకుమారుడెవడో" అని హిమదంష్ట్రుడు నవ్వాడు.

"తొందరెందుకు? తల్లులు మేత నుంచి రానియ్యి. అప్పుడు దొడ్డి తలుపు తియ్యి" అంది కొమురమ్మ.

పొద్దు వాలింది. తల్లులు అరుస్తూ వచ్చాయి. తలుపు తీయగానే పిల్లలన్నీ ఎగురుకుంటూ వెళ్ళి, వాసన పట్టి తమ తమ తల్లుల పొదుగు కింద దూరాయి. ఒక్క పిల్ల మాత్రం ఏ గొర్రె దగ్గరికి పోయినా ఆ గొర్రె దాన్ని తలతో నెట్టేసింది. చివరికి ఆ పిల్ల దొడ్డి మూల ఒంటరిగా నిలబడిపోయింది. కొమురమ్మ దాన్ని గొంగట్లో చుట్టి ఒడిలోకి తీసుకుంది.

"వీడే. ఇక్కడ వీడికి తల్లి లేదు."

మాయ వీడింది. రాక్షసుడు మంచులా కరిగిపోయాడు. గొర్రెలైన వీరులు మనుషులయ్యారు.

కోట ముంగిట రాజకుమారుడు అంతమంది జనంలోనూ తడుముకోకుండా తల్లి ఒళ్ళోకి పరుగెత్తాడు. వీరులు తమ తమవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళారు. తన కోసం చూసేవాళ్ళెవరూ లేక కొమురమ్మ గొర్రెల పక్కన నిలబడిపోయింది.

మహారాణి అది చూసింది. కొడుకును చంకనెత్తుకుని వచ్చి, జారిపోయిన గొంగడిని కొమురమ్మ భుజాల మీదికి లాగి కప్పింది.

"చలిలో నిలబడ్డావేం బిడ్డా? లోపలికి పోదాం, పద. నీ గొర్రెలను కూడా తోలుకురా."